వాయవ్య మూలలో అక్షరాలు

కొత్త లినక్స్ బీటా వచ్చిందని తెలిస్తే నా చేతులు ఊరుకోవు. లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే వ్యవస్థ, బీటా అంటే ఇంకా పూర్తిగా తయారు కాకుండా, ఎక్కడెక్కడ చెడిందో చూసి చెప్పమని జనం మీదికి వదిలేది. ఉన్నది శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది, దాని జోలికి పోవాల్సిన అవసరమే లేదు. అయినా పోతాను. నాకు చూపు లేదు. తెర మీద ఉన్నదంతా గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, నా తిండి, నా చదువు, నా కబుర్లు అన్నీ దాని దయే. తయారుచేసేవాళ్లు మాత్రం రంగులూ బొమ్మలూ అన్నీ దిద్దుకున్నాక, ఆ గొంతు సంగతి చివర్లో చూద్దాంలే అనుకుంటారు. మాబోటివాళ్లం ముందే పెట్టి చూసి, ఇదిగో ఇక్కడ చచ్చింది మీ ప్రోగ్రాం అని పోట్లాడకపోతే, అసలు విడుదల రోజున కూడా అది అట్లాగే చచ్చి పడి ఉంటుంది. పోట్లాట నాకు ఇష్టమైన పని కూడాను, దాచుకోవడం దేనికి.

మాది కొనకనమిట్ల మండలంలో ఒక పల్లె. గొర్రెలు, మేకలు, వాన పడితే పండే కాస్త చేను. నేను అంధుల బడిలో చదివి, డిగ్రీ చేసి, ఇంటికి వచ్చేశాను. ఎవరెవరో పంపే రికార్డింగులు విని టైపు చేసి పంపడం నా పని. ఊళ్లోవాళ్లు మొదట్లో పాపం అనేవాళ్లు, ఇప్పుడు ఫోను పాడైతే నా దగ్గరికే వస్తారు.

కంప్యూటర్ గొంతు పోయినప్పుడు నాకు రెండో గొంతు మా నాయన. ఏడో తరగతితో చదువు ఆపి జీవాల వెంట పడ్డాడు. మా వైపు గొర్రెలనూ మేకలనూ కలిపి జీవాలంటాం. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మరచిపోలేదు. తెర ముందు కూర్చోబెడితే ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతాడు, నేను కూడబలుక్కుని మాట చేసుకుంటాను. పైన, కింద, ఎడమ, కుడి అంటే ఇద్దరికీ తికమకగా ఉండేది. ఆయన కుడివైపా నా కుడివైపా అని కొట్లాడుకునేవాళ్లం. అందుకని తెరను మా చేనులాగా చేసుకున్నాం. పై అంచు ఉత్తరం. ఇక గొడవ లేదు. "ఈశాన్యం మూల గుణకారం గుర్తుంది" అంటే తెర మీది కిటికీని మూసేది. "ఆగ్నేయాన గడియారముంది" అంటే అది గంట చెప్పేది. తెర నైరుతిలో బరువేమీ లేదురా, ఇంటికి మంచిది కాదు అని ఒకసారి ఎగతాళి కూడా చేశాడు.

ఈసారి బీటా వచ్చిన రోజు ముసురు పట్టింది. జీవాలను బయటికి తోలకుండా నాయన రొట్ట కోసుకొచ్చి దొడ్లోనే వేస్తున్నాడు. నేను పొద్దున్నే బీటా దించుకుని మొదలుపెట్టాను. ఎక్కించేంతసేపూ గొంతు బ్రహ్మాండంగా పలికింది. పాతదానికంటే తేటగా ఉందే, ఈసారి వీళ్లకు బుద్ధి వచ్చినట్టుందే అని సంబరపడ్డాను కూడా. అంతా అయిపోయింది, కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టమంటారా అని అడిగింది, సరేనన్నాను. ఫ్యాను తిరిగింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

ఆగాను. గొంతు లేపే మీటలు నొక్కాను. ఉహూ. స్పీకరు తీగ పీకి పెట్టాను. హెడ్‌ఫోను తగిలించాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. నాయనను కేకేశాను. ఆయన లోపలికి వస్తూ వాకిలి ద్వారబంధానికి భుజం తగిలించుకుని దాన్ని నాలుగు తిట్టి, వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏముంది నాయనా?"

"ఏం లేదురా. నల్లగా ఉంది."

"గడియారం?"

"ఏమీ లే. ఉత్త నలుపు."

నాయన మాటంటే నాకు అచ్చు వేసిన మాట. ఒక అక్షరం కూడా కల్పించి చెప్పే మనిషి కాదు. తెలియకపోతే తెలియలేదంటాడు. కాబట్టి మొత్తం మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే కథ, గొంతు పలికింది, ముగిసింది, మూగబోయింది. మళ్లీ పిలిచాను. మళ్లీ నలుపే. నాకు ఒళ్లు మండింది. ఈ బీటాను పరీక్షించే మా అందరికీ కలిపి ఇంటర్నెట్టులో ఒక ఉత్తరాల గుంపు ఉంది, అందులో అన్ని దేశాలవాళ్లూ ఉంటారు. ఫోను తీసుకుని ఆ గుంపుకి కడిగిపారేస్తూ రాశాను. గొంతు మాట అటుంచండి, మీరు చేసింది కళ్లున్నవాడికి కూడా పనికిరాదు, తెర మొత్తం నలుపు, చూపున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే చెబుతున్నాను అని రాశాను. ఆ చివరి మాట రాసేటప్పుడు బాగా మీసం మెలేశాను.

ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒకాయన వెంటనే జవాబిచ్చాడు. తెర ఫొటో పంపగలరా అని మర్యాదగా అడిగాడు. పంపుతాను, చూసి సిగ్గుపడు అనుకున్నాను. నా చేతిలో కెమెరా ఉంటే ఒక్కోసారి ఇంటి కప్పు పడుతుంది, ఒక్కోసారి నా బొటనవేలు పడుతుంది. కందిపప్పు డబ్బాకు ఫోను ఆనించి, తెర అంచులు చేత్తో తడిమి దూరం చూసుకుని, తీసి పంపాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఆ డబ్బా యాడ పోయిందని అరుస్తోంది.

జవాబు వచ్చింది. ఫోను చదివింది. మీ తెర నల్లగానే ఉంది కానీ ఖాళీగా లేదు, ఎడమ పక్క పై మూలలో తెల్లటి అక్షరాలతో ఒక ప్రశ్న ఉంది, మీ పక్కనున్నవారిని ఇంకోసారి చూడమనండి అని దాని సారాంశం.

వీడెవడో నాతో పరాచికాలాడుతున్నాడు అనుకున్నాను. ఫొటోలో అక్షరాలుంటే చదివి పెట్టే వసతి ఫోనులోనే ఉంది. ఆ ఫొటోను దానికిచ్చాను. ఒక్క క్షణం ఆగి, అది ఇంగ్లీషులో చక్కగా చదివింది. శబ్దం పోయే దారి దొరకలేదు, ఇంకో దారి వెతకాలంటే ఎస్ అక్షరం నొక్కండి.

నమ్మలేక మళ్లీ చదివించాను. అదే. పొద్దుటి నుంచి ఆ తెర మీద ఆ ప్రశ్న కూర్చుని ఉంది. నాయన దాని ఎదురుగా కూర్చుని లేదన్నాడు. నాకు ముందు కోపమే వచ్చింది. జీవాల మీద ధ్యాసతో సరిగా చూడకుండా చెప్పాడు, నేనేమో ప్రపంచమంతా వినేటట్టు కూసి వచ్చాను అని. మళ్లీ కేకేశాను. ఈసారి గొంతులో ఆ కోపం వినిపించే ఉంటుంది, ఆయన వెంటనే వచ్చి కూర్చున్నాడు.

"నాయనా, వాయవ్యం మూల చూడు. బాగా పైన."

కుర్చీ కిర్రుమంది. ఆయన ముందుకు వంగి తల తిప్పుకుంటున్నాడు, ఊపిరి ఆ మూల నుంచి ఈ మూలకు జరగడం తెలుస్తూనే ఉంది. కాసేపు వెతికాడు. తెర మీద ఒక మూల వెతకడానికి అంతసేపు దేనికో నాకు అర్థం కాలేదు.

"ఆఁ, ఉందిరా. ఎస్, ఓ, యు, ఎన్, డి. ఇప్పుడే వచ్చింది."

"ఇందాక లేదా?"

"లేదురా. ఉంటే చెప్పనా? ఇప్పుడే పడింది."

నేను ఏ మీటా ముట్టుకోలేదు. నా చేతులు రెండూ నా ఒళ్లోనే ఉన్నాయి. ఆ ప్రశ్న ఎక్కడికీ పోలేదు, ఎక్కడి నుంచీ రాలేదు. 

ఆ మాట నాకు కొత్త కాదు. అది నా మాటే. చిన్నప్పుడు నా చూపు ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో నేను అందరితో అదే అనేవాణ్ణి. ఇందాక లేదు, ఇప్పుడే వచ్చింది. ఏమీ లేని దారిలో ఉన్నట్టుండి ఎద్దు వచ్చేది, ఉన్నట్టుండి గోడ వచ్చేది, ఉన్నట్టుండి పెద్దమ్మ వచ్చి ఏంరా పలకరించకుండా పోతున్నావంటే బిత్తరపోయేవాణ్ణి. నీటికాసులు అంటారు ఆ జబ్బును. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వస్తుంది. నడుమ మాత్రం చివరిదాకా బాగుంటుంది, సూదిలో దారం ఎక్కించేంత బాగుంటుంది. పోయిన చోట చీకటి కూడా ఉండదు. అక్కడ ఏమీ ఉండదంతే. అందుకే పోయిందని తెలియదు.

పాత లినక్సులో ఇట్లాంటి ప్రశ్నలన్నీ తెర నట్టనడుమ వచ్చేవి. నాయన చదివేవాడు. ఈ బీటాలో ఎవరికి ఏం తోచిందో, మూలకు జరిపారు.

నా చూపు పోయేటప్పుడు డాక్టరు చెప్పాడు. ఇది వంశంలో నడుస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఏటా చూపించుకోవాలి అని. ఆ మాట విన్నాం. విని బస్సెక్కి ఇంటికొచ్చాం. ఆనాడు అందరి ఏడుపూ నా కోసమే, ఇంకొకరి కళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది.

ఎస్ నొక్కాను. గొంతు వచ్చేసింది. కొత్త వ్యవస్థకు స్వాగతం, ఇక్కడ ఏమేం కొత్తగా ఉన్నాయో చెప్పమంటారా అంటూ ఉత్సాహంగా మొదలెట్టింది. దాని నోరు మూయించాను.

అప్పుడు గుర్తొచ్చింది మోపెడ్. అంతకు ముందు వారమే నాయన వెనకాల కూర్చుని మార్కాపురం పోయివచ్చాను. దారిలో ఎక్కడో ఒక లారీ చెవులు పగిలేటట్టు హారను కొట్టుకుంటూ మా ఎడం పక్కన ఒరుసుకుని పోయింది. యాడ నుంచి ఊడిపడినాడో చూడు అని నాయన దాన్ని తిట్టాడు. నేను వెనకాల నవ్వాను కూడా.  ఎన్నాళ్ల నుంచి ఆయన అట్లా బండి నడుపుతున్నాడో, నన్ను ఎక్కించుకుని, అమ్మను ఎక్కించుకుని.

"నాయనా, స్టూలు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చో," అన్నాను.

ఎందుకని అడిగాడు. చెప్పలేదు. ఆసుపత్రిలో నాకు చేసిన పరీక్ష ఒకటి గుర్తుంది, దానికి పరికరమేమీ అక్కర్లేదు. ఆయన మోకాళ్లు నా మోకాళ్లకు తగిలేటట్టు కూర్చోబెట్టాను. కుడి కన్ను చేత్తో మూసుకుని, ఎడమ కంటితో నా ముక్కు మీదే చూడమన్నాను. కన్ను పక్కకు తిప్పవద్దని, నా వేళ్లు కనపడగానే చెప్పమని అన్నాను. నువ్వెప్పుడు డాక్టరువైతివిరా అని నవ్వాడు.

చెయ్యి బారుగా పక్కకు చాపి వేళ్లు ఆడిస్తూ నెమ్మదిగా లోపలికి తెచ్చాను. ఆయన ఏమీ అనలేదు. ఇంకా తెచ్చాను. నా భుజం దాటింది. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి.

"ఏందిరా," అన్నాడు నాయన, "ఇంకా చెయ్యి ఎత్తలేదా?"

 చెయ్యి నా ముక్కుకు జానెడు దూరంలోకి వచ్చేసింది. ఇంకా లోపలికి తెచ్చాను. నా ముక్కు దగ్గరికి వచ్చాక, ఆఁ ఇప్పుడు కనపడతాండాయి అన్నాడు. కన్ను మార్పించాను. రెండో కన్ను కొంచెం నయం, అంతే. మళ్లీ మొదటి కన్ను. ఏదో తప్పు చేసి ఉంటానని, చెయ్యి మరీ పైన పెట్టి ఉంటానని, ముసురుకు ఇంట్లో వెలుతురు చాలలేదేమోనని. గుడ్డివాణ్ణి, నేను చేసిన పరీక్ష తప్పు కావాలని నేను కోరుకున్నంతగా ఇంకెవరూ కోరుకుని ఉండరు. ఎన్నిసార్లు చేసినా ఆయన వేళ్లు చూసింది నా ముక్కు దగ్గరే.

చెప్పాను. నాకొచ్చిందే నీకూ వచ్చింది నాయనా అని. ఆయన ఒప్పుకోలేదు. పేపరు చదవడం లేదా, గొర్రె చెవిలో గోమారి పురుగు కనపడటం లేదా, నాకేం రోగం అన్నాడు. అమ్మ డబ్బా వెతుక్కుంటూ వచ్చి గడప దగ్గరే నిలబడి ఉంది. ఏందిరా ఏమైంది అని అడిగితే ఆమెకూ చెప్పాను. ఆమె, రోజూ అదే ద్వారబంధానికి తగులుకుంటాడు, నేను తాగి వచ్చినోడి మాదిరి నడుస్తావని తిడతాండా అంది. డబ్బా తీసుకోకుండానే పొయ్యి దగ్గరికి పోయింది. 

మర్నాడు ఒంగోలు కంటి ఆసుపత్రికి పోదామన్నాను. సరే, పొదిలి దాకా మోపెడ్ మీద పోయి అక్కడ బస్సెక్కుదామన్నాడు. ఎప్పుడూ లేనిది నాయన మీద గట్టిగా అరిచాను. మేకుకు తగిలించి ఉన్న బండి తాళం తడిమి తీసి జేబులో వేసుకున్నాను. ఆయన అలిగి దొడ్లోకి పోయాడు. పోయేటప్పుడు ద్వారం దగ్గర ఒక్క క్షణం ఆగిన అలికిడి వినిపించింది. తగలలేదు.

ఊరి నుంచే బస్సెక్కాం. అన్నేళ్ల అలవాటు కాబట్టి ఆయన భుజం మీద చెయ్యి వేసే నడిచాను. కాకపోతే కర్రను నా ముందు కాకుండా ఆయన ఎడమ పక్కకు చాపి పట్టుకున్నాను. ఆయన చూశాడో లేదో తెలియదు.

ఆసుపత్రిలో చూపు ఎంత వెడల్పు ఉందో కొలిచే మిషను ఒకటుంది. ఒక గిన్నెలాంటిదాంట్లో తల పెట్టి నడుమ చూస్తుండాలి. అక్కడక్కడ చిన్న వెలుగు చుక్కలు మెరుస్తాయి, కనపడినప్పుడల్లా చేతిలో బొత్తాం నొక్కాలి. చిన్నప్పుడు నేనూ నొక్కినవాణ్ణే. చూపు లేనివాణ్ణని నన్ను కూడా ఆ చీకటి గదిలో ఒక మూల కూర్చోనిచ్చారు. మిషను చుక్క వేసినప్పుడల్లా చిన్నగా గుర్రుమంటుంది. చుక్క కనపడితే వెంటనే బొత్తాం టిక్కుమంటుంది. గుర్రుమంది, టిక్కుమంది. గుర్రుమంది. గుర్రుమంది. గుర్రుమంది. నేను టిక్కు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నాయనా నొక్కు, నొక్కు అని లోపల అంటూనే ఉన్నాను. మిషను తన పని తాను చేసుకుపోతోంది. ఎడమ కంటికి టిక్కు వినపడిందే బహు తక్కువ. నా కళ్లు పోయేటప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు నేను.

లోపల డాక్టరమ్మతో మాట్లాడేందుకు పిలుపు కోసం కూర్చున్నప్పుడు, ఆ దూరదేశపాయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఎస్ నొక్కితే గొంతు వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, నేను రాసిన మాటలకు క్షమించండి, ఆ ప్రశ్నను మాత్రం మళ్లీ తెర నడుమకు మార్చండి అని రాశాను. ఎందుకని వెంటనే అడిగాడు.  ఇప్పటికీ దానికి జవాబు ఇవ్వలేదు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఎడమ కన్ను చాలావరకు పోయింది. కుడి కంట్లో నడుమ మిగిలింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది మాత్రం చుక్కల మందు మానకుండా వేస్తే నిలుస్తుంది. బండి నడపవద్దు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే చేయడానికేమీ ఉండేది కాదు, ఇట్లాంటివాళ్లు అంతా అయిపోయాకే వస్తారు పెద్దాయనా, మీరు ఎట్లా కనిపెట్టారు అని అడిగింది. మా వాడు కంప్యూటరులో కనిపెట్టినాడమ్మా అన్నాడు నాయన. ఆమెకు అర్థం కాలేదు. నేనూ విడమరచలేదు.

మందులు ఇచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నాం. నాయన నా కుడి పక్కన ఉన్నాడు.  కండువాతో ముఖం తుడుచుకున్న చప్పుడు వినిపించింది. మోపెడ్ ఇక ఎవరికి అమ్మాలో ఆలోచిస్తున్నాడనుకున్నాను.

"ఒరే," అన్నాడు. "నువ్వు చిన్నప్పుడు నా వెంట జీవాలు తోలుకొచ్చేటోడివి గదా. పక్కనే గొర్రె చేలో పడి మేస్తాన్నా చూడకుండా నడుస్తాంటివి. పొగరుతో చూడట్లేదనుకుని కట్టె తీసుకుని కొట్టినా. ఎన్నిసార్లు కొట్టినానో."

నేను కర్రను మోకాళ్ల నడుమకు లాక్కున్నాను.

"అప్పుడు నీకు ఇట్లనే ఉన్నిందా?"

లేదని చెబుదామనుకున్నాను. అవేవీ గుర్తు లేవని చెబుదామనుకున్నాను. 

"ఇట్లనే ఉన్నింది నాయనా," అన్నాను.